సన్న రంపం ఎవరికి, ఎప్పుడు?

స్కేల్ మోడళ్ళ పనిముట్లు అమ్మే కేటలాగు ఏది తిరగేసినా, రంపాల పేజీలో ముందు కనబడేది బ్లేడు మందం. ఒకరిది 0.25 మి.మీ., ఇంకొకరిది 0.15, మరొకరిది 0.1. పళ్ళ లెక్క రెండో వరసలో ఉంటుంది, ఉక్కు రకం ఎక్కడో అడుగున ఉంటుంది, పిడి సంగతి చాలాసార్లు ఉండనే ఉండదు. ఈ వరస చూసి, విమానాల, ఓడల, రైళ్ళ నమూనాలు కట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎంత పలచనైతే అంత మంచి రంపమని తీర్మానించుకుంటారు. చెయ్యి తిరిగినవాళ్ళలోనూ ఈ నమ్మకం గట్టిగానే ఉంది. ఇందులో సగమే నిజం. పలచదనం ఊరికే రాదు, అదొక ఖర్చు. బ్లేడు బిగువు, కోత నిటారుగా దిగడం, పళ్ళ ఆయుష్షు, ఈ మూడింటిలోంచీ కొంత కొంత తగ్గించుకుని దాన్ని కొనుక్కుంటాం. ఆ ఖర్చు పెట్టవలసిన పనులు ఉన్నాయి. అయితే బల్ల మీదికి వచ్చే పనుల్లో అవి కొన్నే. కోత పూర్తయ్యాక అవతలి ముక్కను ఉంచుకుంటామా, పారేస్తామా అన్నది తేల్చుకుంటే ఏ రంపం కావాలో చాలావరకు తేలిపోతుంది. మందం అంకె చూడవలసింది ఆ తర్వాత.

పలచదనం పక్షాన ఉన్న బలమైన వాదన స్కేలు లెక్క. దాన్ని ముందే ఒప్పుకోవాలి. 1/72 స్కేలులో 0.25 మి.మీ. కోత అసలు విమానం మీద 18 మి.మీ.తో సమానం. అదే బ్లేడు 1/48లో 12 మి.మీ. తింటుంది, 1/35 ట్యాంకు మీద తొమ్మిదికి కాస్త తక్కువ. 0.1 మి.మీ. బ్లేడు వాడితే 1/72లో నష్టం ఏడు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. స్పిట్‌ఫైర్ విమానం ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు. 1/72లో అది 156 మి.మీ., అంటే రెండు రెక్కలూ కలిపినా జానెడు కూడా ఉండవు. అలాంటి రెక్క నుంచి ఐలెరాన్‌ను, అంటే వెనక అంచున కదిలే భాగాన్ని, విడదీసి, కాస్త కిందికి వాల్చి మళ్ళీ అతికించాలంటే, రంపం మింగిన ప్లాస్టిక్ అంతా సందై బయటపడుతుంది. పద్దెనిమిది మిల్లీమీటర్ల సందంటే అసలు విమానంలో వేలు దూరేంత. చూసేవాడు కొలత తెలియకపోయినా ఏదో తేడా ఉందని పట్టేస్తాడు. ఇక్కడ కోతకు రెండువైపులా ఉన్నవీ కావలసినవే. పోయిన పదార్థాన్ని తిరిగి తెచ్చే దారి లేదు, పట్టీలు అతికించి సరిచేయడం తప్ప. కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూతను ముందు అద్దం, జరిగే భాగం అని రెండుగా చీల్చేటప్పుడూ ఇదే పరిస్థితి.

కాని మిగతా పనులు చూడండి. రెజిన్ భాగం కింద పోతపోసిన దిమ్మను కోసి పారేస్తాం. ఇత్తడి గొట్టాన్ని కొలత కన్నా కొంచెం పొడవుగా కోసి, ఆకురాయితో కొలతకు తెస్తాం. ఓడ పలకలను గీతకు అవతల కోసి గీతదాకా రుద్దుతాం. రైలు పట్టాలదీ అంతే. ఈ పనుల్లో కోత వెడల్పు 0.1 అయినా 0.4 అయినా చెత్తబుట్టలోకి పోయే పొట్టులోనే తేడా. స్పిట్‌ఫైర్ పైలట్ ఎక్కే చిన్న తలుపును తెరిచి చూపాలన్నా, చాలామంది ఆ ముక్కను కాపాడే యాతన పడరు. ఆ చోటును తొలిచేసి, తలుపును పల్చటి ప్లాస్టిక్ షీటుతో కొత్తగా చేస్తారు. కిట్టులోని గోడ స్కేలుకు ఎలాగూ మందమే కాబట్టి కొత్త తలుపే బాగుంటుంది. ఉంచుకోవలసినట్టు కనబడే ముక్కను కూడా ఇలా పారేయవచ్చని గ్రహిస్తే, పలుచని రంపం తప్పనిసరయ్యే పనులు ఇంకా తగ్గుతాయి. ఈ లెక్కకు లొంగని పని ఒకటుంది. ఓడల నమూనాకు ఖరీదైన చెక్కను పలచని బద్దెలుగా చీల్చేటప్పుడు రెండువైపులా ఉన్నవీ కావలసినవే, కాని ఖచ్చితత్వానికి కోత వెడల్పుతో సంబంధం లేదు. ఉన్న సంబంధమంతా డబ్బుతోనే. 1 మి.మీ. బద్దెకు 0.8 మి.మీ. కోసే గుండ్రటి రంపం వాడితే చెక్కలో 44 శాతం పొట్టుగా పోతుంది. 0.3 మి.మీ. కోతైతే 23 శాతం.

ఇక పలచదనానికి కట్టే మూల్యం. రేకు వంగకుండా నిలిచే శక్తి దాని మందపు ఘనాన్ని బట్టి మారుతుంది. మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 0.25 నుంచి 0.1కి దిగితే మిగిలేది పదిహేనో వంతు కూడా కాదు. కేటలాగులో చిన్న తేడాగా కనబడే అంకె చేతికి వచ్చేసరికి వేరే పనిముట్టే అవుతుంది. ఆ బ్లేడు కోతలో ఏ కాస్త అడ్డు తగిలినా పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన బ్లేడు ఒరిగిన చాలునే తీస్తుంది. తర్వాతి లాగుడు ఆ చాలునే పట్టుకుపోతుంది. రెక్క పైభాగాన గీత మీద మొదలైన కోత కిందిభాగాన అర మిల్లీమీటరు పక్కన తేలితే, 0.1 మి.మీ. బ్లేడుతో మిగిల్చుకున్న 0.15 మి.మీ. ఎక్కడ పోయినట్టు? పలచని బ్లేడుతో కోసిన అంచును సరిచేయడానికి ఎక్కువ రుద్దవలసి వస్తే, చివరికి మందపు బ్లేడే తక్కువ పదార్థం తిన్నట్టు తేలుతుంది. కేటలాగులు చెప్పేది బ్లేడు మందమే. దారితప్పడం వల్ల జరిగే నష్టానికి అక్కడ అంకె లేదు.

రంపాల చరిత్ర అంతా ఈ ఘనసూత్రాన్ని తప్పించుకునే ఉపాయాల చరిత్రే అనవచ్చు. మొదటి ఉపాయం దిశ మార్చడం. తోసేటప్పుడు పలచని రేకు నొక్కుడుకు గురై మడతపడుతుంది, లాగేటప్పుడు సాగదీసినట్టై నిటారవుతుంది. జపాన్ వడ్రంగుల రంపాలు లాగేటప్పుడే కోయడం వల్ల అంత పలచగా ఉండగలుగుతున్నాయి. తమియా, హసెగావా వంటి జపాన్ మోడల్ కంపెనీల రంపాల్లోనూ ఆ సంప్రదాయం కనిపిస్తుంది. రెండో ఉపాయం వెన్ను. జోనా, ఎక్సాక్టో వంటి అమెరికా కంపెనీల రేజర్ రంపాలకు పైఅంచున మడిచిన లోహపు పట్టీ ఉంటుంది. బిగువంతా ఆ పట్టీదే, పళ్ళున్న రేకు దానికి వేలాడే అంచు మాత్రమే. ఇందులో లోపం, వెన్ను కోతలోకి దిగదు. రేకు వెడల్పును మించిన లోతు కోయలేం. మోడళ్ళలో అంత లోతు కోయవలసిన పని అరుదు కాబట్టి దీన్ని పెద్ద లోపంగా లెక్కించనక్కర లేదు.

మూడో ఉపాయం అన్నిటికన్నా తెలివైనది, మోడళ్ళవాళ్ళు తక్కువగా వాడేది: స్వర్ణకారుల రంపం. విల్లులా వంగిన చట్రానికి సుమారు 130 మి.మీ. పొడవున్న తీగలాంటి బ్లేడు బిగిస్తారు. బిగువు బ్లేడు మందం నుంచి రాదు, చట్రం లాగి పట్టడం నుంచి వస్తుంది. అందుకే మందం తగ్గినా బ్లేడు ఒరగదు. ఈ బ్లేడ్ల కొలతలు తిరగేసిన వరసలో ఉంటాయి. 8/0 అన్నిటికన్నా సన్నం, సుమారు 0.16 మి.మీ. మందం. 4/0 సుమారు 0.22, 2/0 సుమారు 0.26. ఆ తర్వాత 0, 1, 2 అంటూ ముదురుతాయి. 2/0 బ్లేడుకు అంగుళానికి దాదాపు 56 పళ్ళు. బ్లేడు వెడల్పు కూడా అర మిల్లీమీటరే కాబట్టి మూల తిరగగలదు, రంధ్రం పొడిచి అందులోంచి దూర్చి లోపలి భాగాన్ని కోయగలదు. రేజర్ రంపానికి ఈ రెండూ చేతకావు. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు. నగల పని సామాన్లు దొరికే ఏ బజారులోనైనా ఇవి డజన్ల లెక్కన అమ్ముతారు. బంగారు పనికీ, గిల్టు నగల పనికీ పేరుపడ్డ ప్రొద్దుటూరు, మచిలీపట్నం వంటి ఊళ్ళున్న చోట, విదేశీ మోడల్ రంపం కోసం కొరియర్ ఖర్చులు పెట్టుకునేవాళ్ళు ముందు చూడవలసిన దుకాణం ఇదే. దీనికీ హద్దు ఉంది. పొడవాటి రెక్కను నిలువునా కోయబోతే చట్రం వెన్ను అడ్డొస్తుంది. అలాగే నిడుపాటి తిన్నని కోతకు వెడల్పు లేని బ్లేడు దానంతట అది దారి పట్టదు, చేతి నిలకడ కావాలి.

రసాయనంతో తొలిచి తీసిన స్టీలు రేకులది వేరే కథ. 0.1 మి.మీ. దగ్గరి అంకెలతో అమ్ముడుపోయేవి ఎక్కువగా ఇవే. హసెగావాతో పాటు చెక్ దేశపు సీఎంకే వంటివీ ఇలాంటివి చేస్తాయి. వీటి పన్ను నూరి పదునుపెట్టినది కాదు. రసాయనం రేకును తిన్నచోట మిగిలిన అంచే పన్ను. పళ్ళను అటొకటి ఇటొకటి వంచడం కూడా ఉండదు కాబట్టి కోత వెడల్పు అచ్చంగా రేకు మందమే. స్కేలు లెక్కకు ఇది వరం, పనికి శాపం. రేకు రెండు పక్కలా గోడలను ఒరుసుకుంటూ దిగుతుంది, లోతు పెరిగేకొద్దీ పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ రేకు తుప్పు పట్టకపోవడం లాభమే, కాని గట్టిపరిచిన కార్బన్ ఉక్కు పళ్ళంత కాలం పదును నిలుపుకోదు. వంపు అంచులతో, మూలలు తిరిగే ఆకారాలతో రావడం వీటి అసలు ప్రయోజనం. వేరే ఏ రంపమూ దూరని చోట, మిల్లీమీటరు లోతు గాటు పెట్టాలంటే వీటికి సాటి లేదు. దిమ్మ కోయడానికి వీటిని వాడటం మాత్రం పనిముట్టుకూ చేతికీ శిక్ష.

పళ్ళ సంగతికి వస్తే, లోహం కోసేవాళ్ళ పాత సూత్రం ఒకటి ఇక్కడా పనికొస్తుంది. కోసే వస్తువు మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఆని ఉండాలి. లేకపోతే ఒక పన్ను అంచుకు తగులుకుని, పన్నయినా విరుగుతుంది, అంచైనా పెచ్చులూడుతుంది. 1 మి.మీ. ప్లాస్టిక్ షీటుకు ఈ లెక్కన అంగుళానికి 76 పళ్ళు కావాలి. అంత సన్నపళ్ళ రేజర్ రంపం బజారులో దొరకడం కష్టం. అయితే రంపాన్ని నిటారుగా కాక బాగా వాల్చి పట్టుకుంటే షీటు మందం ఏటవాలుగా రెండుమూడు రెట్లవుతుంది, 40 పళ్ళ రంపమూ చాలుతుంది. డబ్బు పెట్టి కొనాలనుకున్నదాన్ని మణికట్టు తిప్పి సంపాదించుకోవచ్చన్నమాట. పళ్ళు మరీ సన్నమైతే ఇంకో చిక్కు. కోసిన పొట్టు కోత బయటికి వచ్చేదాకా పళ్ళ మధ్య సందుల్లోనే కూర్చోవాలి. సందు చిన్నదై కోత లోతైతే పొట్టు నిండిపోయి పళ్ళు వస్తువును అందుకోవు, రంపం జారుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి లాంటి మెత్తటి, తేలికపాటి చెక్కను లోతుగా కోసేటప్పుడు అంగుళానికి యాభై పైన పళ్ళున్న రంపం చతికిలబడేది ఇందుకే. బాల్సా దిమ్మదీ అంతే. గట్టి, నునుపు చెక్కల్లో, పలచని పలకల్లో సన్నపళ్ళకు ఎదురులేదు.

ప్లాస్టిక్ స్వభావం రంపం ఎంపికను ఇంకో వైపు నుంచి శాసిస్తుంది. కిట్లలో ఉండే పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. వేడిని తీసుకుపోయే శక్తి దానికి ఇత్తడితో పోలిస్తే వందల రెట్లు తక్కువ. రాపిడి వేడి అంతా కోత గోడల దగ్గరే నిలిచిపోతుంది. పొట్టు కరిగి పళ్ళ మధ్య బంకలా పట్టుకుంటుంది, చాలు వెనకనే మూసుకుపోతుంది. మర రంపం ఉండగా ఈ గోలంతా ఎందుకనేవాళ్ళకు జవాబు ఇక్కడుంది. 22 మి.మీ. చక్రాన్ని నిమిషానికి 10,000 చుట్లు తిప్పితే దాని అంచు సెకనుకు 11 మీటర్లకు పైగా వేగంతో పరుగెత్తుతుంది. చేతితో ఐదు సెంటీమీటర్ల లాగుడు సెకనుకు రెండుసార్లు వేస్తే వేగం 0.1 మీటరు. వంద రెట్ల తేడా. ఉక్కుతీగను, ఇత్తడి కడ్డీని, రైలు పట్టాను కోయడానికి ఆ వేగం సుఖమే. పాలిస్టైరీన్‌ను అది కోయదు, కరిగిస్తుంది. వేగం తగ్గించి వాడినా సాధారణ పరికరాల కనిష్ఠ వేగమే వేలల్లో ఉంటుంది. రెజిన్ కరగదు కాబట్టి మరతో కోయవచ్చు, కాని ఆ ధూళి గదంతా లేస్తుంది. రెజిన్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిపి కోయడం, మాస్కు పెట్టుకోవడం, కోత అయ్యాక బల్లను ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవడం ఆ పనిలో భాగమే.

పారదర్శక భాగాలకు మరింత జాగ్రత్త కావాలి. అవి పెళుసు ప్లాస్టిక్. కత్తి మొన పెట్టి నొక్కితే కోతకు ముందే పగులు పరుగెడుతుంది, ఆ పగులు పాలిష్ చేసినా పోదు. ఇక్కడ పలచని రేకు ఖర్చు పూర్తిగా సార్థకం. పంటి మీద భారం తక్కువ, ఒరుసుకునే లోతు కూడా మిల్లీమీటరు లోపే. మూత లోపల మెత్తని మైనం నింపి, బయట రెండు మూడు పొరల టేపు వేసి, టేపు అంచునే దారిగా పట్టుకుని కోస్తే ఫ్రేము గీత మీదనే విడుతుంది. ఇత్తడిది దీనికి పూర్తి విరుద్ధం. మొద్దుబారిన పన్ను ఇత్తడి మీద కోయకుండా జారుతుంది, అందుకే కొత్త పదునే కావాలి. రైలు మోడళ్ళలో స్లీపర్లకు వాడే రాగిపూత ఫైబర్‌గ్లాసు పలకల సంగతి వీటన్నిటికీ విడి. గాజు పోగులు ఉక్కు కన్నా గట్టివి, ఎంత మంచి పళ్ళనైనా కొన్ని కోతల్లోనే గుండ్రం చేస్తాయి. దానికోసం మంచి రంపం కొనకూడదు, అరిగిపోయిన రంపాన్ని దాచుకోవాలి.

అసలు రంపమే అనవసరం, కత్తి చాలుననే వాదం ఒకటుంది. దాన్ని తోసిపుచ్చలేం. మిల్లీమీటరు లోపు షీటును కత్తితో రెండు మూడు గీతలు గీసి, గీత దగ్గర విరిస్తే వచ్చే అంచు ఏ రంపపు కోత కన్నా నేరుగా ఉంటుంది, పదార్థ నష్టం దాదాపు సున్నా. షీటు పనిలో రంపం పట్టుకునేవాళ్ళు వృథాగా కష్టపడుతున్నట్టే. కాని కత్తి పదార్థాన్ని తొలగించదు, పక్కలకు నెట్టుతుంది. గీతకు ఇరువైపులా గట్టు లేస్తుంది. మందం పెరిగేకొద్దీ చీలలా దూరి భాగాన్ని విడదీస్తుంది, విడదీసేటప్పుడు వంచుతుంది. గుండ్రటి విమానం ఒడలును కత్తితో అడ్డంగా కోయబోయినవాళ్ళకు మిగిలేవి రెండు అండాకారాలు. చాలు నుంచి పదార్థాన్ని బయటికి తీసే పనిముట్టు కావలసింది అక్కడే. మొనతో గీరి ప్లాస్టిక్‌ను సన్నటి తీగలుగా లేపే స్క్రైబర్ కత్తికీ రంపానికీ మధ్య నిలిచి, రంపానికి దారి వేసిపెడుతుంది.

ఇనుము కోసే మామూలు హాక్సా బ్లేడే చాలునన్న మాటలో కూడా కొంత న్యాయం ఉంది. దాని మందం 0.65 మి.మీ., పళ్ళు అలలా వంచి ఉంటాయి కాబట్టి చాలు ఇంకా వెడల్పు. 1/72లో కనీసం 47 మి.మీ. కోత అది. ఐలెరాన్‌కు పనికిరాదు, కాని అంగుళానికి 32 పళ్ళ బ్లేడును సగానికి విరిచి ఒక కొసకు గుడ్డ చుడితే రెజిన్ దిమ్మల పని సగం తీరిపోతుంది. పారేసే వైపు కోతకు పారేసే ధర రంపం. ఇక చేతిలో నేర్పుంటే ఏ రంపమైనా ఒకటేనన్న మాట వినడానికి బాగుంటుంది. నేర్పు బ్లేడును ఒరగకుండా కాస్తుంది, నిజమే. 0.65 మి.మీ. బ్లేడుతో 0.1 మి.మీ. చాలు తీయడం మాత్రం ఏ నేర్పు వల్లా కాదు. నేర్పున్న చెయ్యి చేసే అసలు మేలు వేరే ఉంది. ఒకే రంపంతో చాలా పనులు నెట్టుకురాగలదు, కాబట్టి కొనవలసిన రంపాల సంఖ్య తగ్గుతుంది.

ఆ నేర్పు ఎలా ఉంటుందో ఐలెరాన్ కోతలోనే చూడవచ్చు. రెక్క రెండు సగాలనూ అతికించక ముందే, వేటికవిగా కోయాలి. కోయవలసిన గీత పక్కన మందపాటి టేపు అంటించి, దాని అంచున స్క్రైబర్‌తో పై నుంచి ఐదారు సార్లు గీయాలి. అప్పటికి రంపపు రేకు నిలబడేంత చాలు పడుతుంది. మొదటి లాగుళ్ళు రంపం సొంత బరువుతోనే పోవాలి, చెయ్యి నొక్కకూడదు. ఐలెరాన్ రెండు కొసల్లోని పొట్టి అడ్డకోతలు ముందు, పొడవైన కోత తర్వాత. తారుమారు చేస్తే పొడవాటి కోత పూర్తయ్యే క్షణంలో ముక్క కొసల దగ్గర విరుగుతుంది. సగం లోతు దిగాక రెక్కను తిప్పి లోపలివైపు నుంచి కోస్తే, బ్లేడు ఒరిగినా ఆ తప్పు రెండు ముఖాల మధ్య ఇరుక్కుంటుంది, పైకి కనబడదు. మూలల్లో చివరి పోగును కత్తి మొనతో తెంచాలి, రంపాన్ని మూలదాకా తోస్తే అది గీత దాటి రెక్కలోకి పోతుంది. ఇంత చేస్తే గట్టిగా ఉండే వెన్ను రంపం ఈ పనిని 0.2 మి.మీ. దగ్గర చేసిపెడుతుంది. 0.1 మి.మీ. రేకు కావలసింది దాన్ని కూడా దాచుకోవలసినవాళ్ళకే.

కాపాడుకోవడం గురించి రాసేవాళ్ళు సాధారణంగా పదును పెట్టడంతో మొదలుపెడతారు. ఈ రంపాల విషయంలో ఆ అధ్యాయం దాదాపు ఖాళీ. అంగుళానికి యాభై పళ్ళంటే పంటికీ పంటికీ మధ్య అర మిల్లీమీటరు. అందులో దూరే ఆకురాయి మామూలు బజారులో లేదు. ఉన్నా, వంద పళ్ళను ఒకే ఎత్తుకు తెచ్చే శ్రమ కొత్త బ్లేడు ధరకు తూగదు. పళ్ళను గట్టిపరిచిన జపాన్ బ్లేడ్లకైతే ఆకురాయి పట్టదు కూడా. కాబట్టి కాపాడటమంటే మొద్దుబారడాన్ని వాయిదా వేయడం, మొద్దుబారిందని వెంటనే గుర్తుపట్టి మార్చడం. గుర్తులు స్పష్టంగానే ఉంటాయి. పదునున్న రంపం ప్లాస్టిక్ నుంచి చిన్నచిన్న చుట్టలు లేపుతుంది, అరిగినది పొడి రాలుస్తుంది, ఇంకా అరిగితే బంక. రంపం తన బరువుతో దిగక నొక్కవలసి వస్తోందంటే దాని పని అయిపోయింది. ప్రతి కోతా ఒకే పక్కకు పోతుంటే ఆ పక్క పళ్ళు పదునుగా ఉండి రెండో పక్కవి అరిగాయని అర్థం. నొక్కి కోయడం మొదలైన చోటే పలచని రేకు మడతపడుతుంది. ఒకసారి మడతపడిన రేకు సుత్తితో సాపు చేసినా తిన్నన కాదు, దెబ్బ తిన్నచోట సాగి అల తేలుతుంది.

వాయిదా వేసే ఉపాయాల్లో మొదటిది ప్లాస్టిక్‌కు ఒకటి, లోహానికి ఒకటి, రెజిన్, ఫైబర్‌గ్లాసులకు ఒకటి వేరువేరుగా ఉంచుకోవడం. పిడి మీద రంగు చుక్క పెడితే మరిచిపోరు. స్వర్ణకారుల బ్లేడుకు ఆరు కోతలకోసారి తేనెమైనం ముక్కను అంటించాలి. ఎక్కువైతే పొట్టును పట్టేస్తుంది. బ్లేడును పళ్ళు కిందికీ పిడివైపుకూ చూసేలా బిగించి, గోటితో మీటితే సన్నటి తీగ మోగినట్టు ఖణేల్మనాలి. గొణిగితే వదులు, వదులుగా ఉన్న బ్లేడు మొదటి మలుపులోనే తెగుతుంది. పళ్ళకు పట్టిన పొట్టును పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ వాలు వెంట తుడవాలి, ఎదురు తుడిస్తే అరిగేది బ్రష్షే. కరిగి అతుక్కున్న పాలిస్టైరీన్‌ను ప్లాస్టిక్ అతికించే ద్రావకం చుక్కతో వదిలించవచ్చు, ప్లాస్టిక్ పిడికి తగలనీయకుండా. కాకినాడ, విశాఖల వంటి సముద్రపు గాలి ఊళ్ళలో కార్బన్ ఉక్కు పన్ను ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది. పంటి కొన ఎంత సన్నమో అంత త్వరగా తుప్పు దాన్ని తినేస్తుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క గుడ్డకు రాసి తుడిచి, సిలికా జెల్ పొట్లంతో మూతపెట్టెలో ఉంచితే చాలు. వాడేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ నూనె తుడిచేయడం మరవకూడదు, లేకపోతే కోసిన అంచున జిగురూ పట్టదు, రంగూ పట్టదు. రంపాలను ఒకే డబ్బాలో కుప్పగా పడేస్తే ఈ జాగ్రత్తలన్నీ వృథా, పళ్ళు పళ్ళనే కొరుకుతాయి. నీళ్ళ పైపు ముక్కను నిలువునా చీల్చి పళ్ళ అంచుకు తొడిగితే డబ్బు ఖర్చు లేని తొడుగు.

కొనే వరస గురించి అడిగితే, ముందు 0.25 మి.మీ. దరిదాపుల్లో వెన్నున్న రేజర్ రంపం ఒకటి, తర్వాత స్వర్ణకారుల చట్రం ఒకటి, దానికి 2/0, 4/0 బ్లేడ్లు చెరో డజను. వి ఆకారపు గంటు ఉన్న చెక్కముక్క బల్ల అంచుకు బిగించుకుంటే ఆ చట్రం విలువ రెట్టింపవుతుంది. తొలిచిన రేకులు చివర, అదీ చేతిలో ఉన్న మోడలు వాటిని అడిగినప్పుడే. స్వర్ణకారుల బ్లేడ్లు తెగుతాయి, నేర్చుకునే రోజుల్లో పూటకు రెండు మూడు తెగినా వింత లేదు. తెగిన ముక్కలను పారేయకూడదు. మూడు సెంటీమీటర్ల ముక్కను పిన్ వైస్‌లో, అంటే సన్న డ్రిల్లును పట్టే చేతి పిడిలో, బిగిస్తే ఎగ్జాస్టు గొట్టాల మధ్య, చక్రాల ఆకుల మధ్య, ఇంకే రంపమూ దూరని సందుల్లో గాటు పెట్టే రంపం తయారవుతుంది. పళ్ళు చేతివైపుకు చూసేలా బిగిస్తే లాగేటప్పుడు కోస్తుంది. తోసేటట్టు బిగిస్తే ఆ మూడు సెంటీమీటర్లూ మళ్ళీ రెండు ముక్కలవుతాయి.